గ్లోరీ జడలో వంశధార

ఆదివారం పూట నరసన్నపేటలో అందరికంటే ముందు లేచేది పాలవాళ్ళు. వాళ్ళ తర్వాత గ్లోరీ, తాయారు, జగదీశ్వరి. పదింటికి బాప్టిస్టు చర్చిలో ఆరాధన మొదలయ్యేలోపు పరుగూ, సైకిలూ, ఈతా ముగించుకుని గ్లోరీ చీర కట్టుకుని ముందు బెంచీలో కూర్చోవాలి. మిగతా ఇద్దరికీ ఆ తొందర లేకపోయినా ముగ్గురూ కలిసే బయల్దేరతారు, కలిసే ఆగుతారు, హైవే పక్క బడ్డీలో కడుపునిండా ఇడ్లీలు తింటారు. నలభైకి దగ్గర పడిన ఆడవాళ్ళు పంజాబీ డ్రెస్సుల కింద బూట్లేసుకుని పరిగెడుతుంటే మొదట్లో ఊరు నవ్వింది. నాలుగేళ్ళు నవ్వేసరికి ఊరికే ఆయాసం వచ్చింది. వాళ్ళకి రాలేదు.

ముగ్గురూ హైస్కూల్లో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. గ్లోరీ ఇప్పుడు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటుంది. తాయారు అంగన్‌వాడీ నడుపుతుంది. ఆమె కాళ్ళది ఎంత వేగమో నోటిది అంతకు రెండింతలు. జగదీశ్వరి పొలాల మధ్య ఉన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, రోజూ పద్నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ పోయి వస్తుంది. రెండువేల పదమూడులో ఈత, సైకిలు, పరుగు కలిపి ఎవరో పోటీ పెట్టారనీ, జట్టుగా చేరొచ్చనీ తెలిసి సరదాకి పేర్లిచ్చారు. గ్లోరీ ఈదింది, జగదీశ్వరి తొక్కింది, తాయారు పరిగెత్తింది. ఒకరి ముంజేతి ఎర్ర రిబ్బను విప్పి ఇంకొకరికి కట్టి పంపడమే పద్ధతి. బహుమతిగా ఒక స్టీలు బేసిను వచ్చింది. అక్కణ్ణుంచి బొబ్బిలి, సాలూరు, భీమిలి, ఎక్కడ పోటీ ఉంటే అక్కడికి బస్సు మీద సైకిలెక్కించుకుని పోవడం అలవాటైపోయింది.

ఈతలో గ్లోరీని మించినవాళ్ళు లేరు. ఉండరు కూడా, ఆమె జడలో వంశధార ఉంది.

పదహారో ఏట ఈస్టరుకు ముందు ఆదివారం పాస్టరుగారు ఆమెను వంశధారలో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు మునిగిన అందరి జుట్లూ సాయంత్రానికి ఆరాయి, గ్లోరీది ఆరలేదు. పెళ్ళయినా ఆరలేదు, ఇద్దరు పిల్లలు పుట్టినా ఆరలేదు. ఎండాకాలం జడ కొసనుంచి ఒక్కో చుక్కే జారుతుంది. ఆగస్టులో ఎగువన ఒడిశాలో వానలు పడితే జడ ఎర్రగా పారుతుంది. ఒడ్డు ఊళ్ళ రైతులు పోస్టాఫీసుకొచ్చి, ఒకసారి ఆ జడ చూసి, ఇంటికి పోయి గేదెలను మెరక మీదికి తోలుకుంటారు. చర్చిలో ఆమె బెంచీ కింద గోనెసంచి పరిచి ఉంటుంది. పోస్టాఫీసులో స్టాంపులు తడిపే స్పంజి కొనడం మానేశారు. ఒకసారి రిజిస్టరు కవరు మీద వేలెడంత చేపపిల్ల జారిపడితే గ్లోరీ దాన్ని గ్లాసులో వేసి పెట్టి, తర్వాతి మనిషిని రమ్మంది.

కార్తీకంలో జగదీశ్వరికి ఆ జడే నది. పోలి పాడ్యమినాడు తెల్లవారకముందే ఊరి ఆడవాళ్ళంతా అరటిదొప్పల్లో దీపాలు వెలిగించి వంశధారలో వదులుతారు. జగదీశ్వరి మాత్రం గ్లోరీ ఇంటికి పోయి, పోటీలో గెలిచిన బేసిను గుమ్మం ముందు పెడుతుంది. గ్లోరీ నిద్రకళ్ళతో వచ్చి దాంట్లోకి జడ పిండుతుంది.

"మీ దేవుడికి నా జడలో నీల్లు పనికొస్తాయేటే?" అని మొదటి ఏడు నవ్వింది.

జగదీశ్వరి అత్తగారు ఆ నీళ్ళు అరచేతిలో పోసుకుని రుచి చూసి, "వంశధారే. అనుమానం నేదు," అని తేల్చేశాక ఇంక ఎవరికీ సందేహం రాలేదు. దీపం బేసిన్లో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ జగదీశ్వరి చేతి దగ్గరికే వచ్చి, నూనె అయ్యేదాకా అక్కడే ఉండేది.

ఆమె నదికి పోకపోవడానికి కారణం ఉంది. పదకొండో ఏట తండ్రి నరసింగరావు శ్రీకాకుళంలో ఆమెకు ఆకుపచ్చ సైకిలు కొన్నాడు. నెలరోజులు అన్నం దగ్గర అలిగి సాధించుకున్న సైకిలది. వంతెన మీదుగా చుట్టు తిరిగి రావడం ఎందుకని తండ్రీకూతుళ్ళు రేవులో పడవెక్కారు. నడిమధ్యలో గాలి తిరిగి పడవ బోల్తా పడింది. పడవవాడు పిల్లను ఒడ్డుకు చేర్చాడు. తండ్రి మూడోరోజు కళింగపట్నం దగ్గర దొరికాడు. సైకిలు దొరకనే లేదు.

"ఆ సైకిలొగ్గేసుంటే బతికేవోడు. కూతురు ముచ్చటపడిందని ఒగ్గలేదు," అంది తల్లి ఏడుస్తూ. ఆవిడ ఆ మాట అన్నది ఒక్కసారే. ఆ ఒక్కసారే జగదీశ్వరి గుండెల్లో ఇరవై ఎనిమిదేళ్ళు ఉండిపోయింది. అప్పట్నుంచి ఆమె వంశధార ఒడ్డున నిలబడలేదు. బస్సు మడపాం వంతెన ఎక్కగానే కళ్ళు మూసుకుంటుంది. దాటాక తాయారు మోచేత్తో పొడుస్తుంది.

రెండువేల పదిహేడులో గణపతిరావు మేస్టారు కొత్త రూలు తెచ్చారు. ఆయన రిటైరైన డ్రిల్లు మేస్టారు, జిల్లాలో ఏ పోటీకైనా విజిలు ఆయనదే. "ఈ ఏడు జట్లు నేవమ్మా. ఎవలి ఈత ఆలదే, ఎవలి సైకిలు ఆలదే, ఎవలి పరుగు ఆలదే," అన్నారు. పోటీ నవంబరులో. ఈత వంశధారలో, అవతలి ఒడ్డునుంచి ఇవతలి పాత రేవుకి నాలుగువందల మీటర్లు. ఇరవై ఐదు నిమిషాల్లో ఒడ్డెక్కనివాళ్ళు ఇంటికే.

ఆ రోజు తండ్రీకూతుళ్ళ పడవ చేరాల్సింది ఆ పాత రేవుకే.

"మానేద్దుమే. ముగ్గురం నేకపోతే నాకెందుకీ పందేలు?" అంది గ్లోరీ.

జగదీశ్వరి ఇడ్లీ పొట్లం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. ఆమెకు పోటీ మీద ఆశ ఉంది. దానికంటే, తన మూలంగా ఈ ఇద్దరూ ఆగిపోతారన్న భయం ఎక్కువ ఉంది. తన మూలంగా ఒక మనిషి పోయాడు, అది చాలు అనుకుంది.

"నేర్సుకుంతాను," అంది.

తెలిసిన రైతు మోటబావిలో నేర్చుకుంది, చిన్నపిల్లలకు కట్టినట్టు వీపుకి ఎండు ఆనపబుర్ర కట్టుకుని. బుర్ర తెగి పడేదాకా నేర్చుకుంది. అక్టోబరుకల్లా బావిలో ఇరవై చుట్లు తిరుగుతోంది. "నిలబడ్డ నీరైతే పరవానేదే. పారే నీరే, ఎవలి మాటా ఇనదది," అనేది మెట్టు మీద కూర్చుని. గ్లోరీ పక్కన కూర్చుని తన జడ కొస ఆమె అరచేతిలో పెట్టేది. జడ వేళ్ళ సందుల్లోంచి పారుతూ ఉండేది. కార్తీకంలో వంశధార తేటపడుతుంది, జడ కూడా తేటపడింది.

పోటీ ఆదివారం పొద్దున్నే వ్యాను వాళ్ళను వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళింది. తాయారు పొడవకముందే జగదీశ్వరి కళ్ళు తెరిచింది. ఇసుకలోకి దిగి, నీటి అంచున ఆగింది. ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. నలభై మంది. విజిలు మోగింది.

మొదటి నూరు మీటర్లు బావిలో ఈదినట్టే ఈదింది. రెండో నూరులో నీటికి లాగుడు వచ్చింది. నడిమధ్యకు వచ్చేసరికి కాళ్ళ కింద చల్లటి పాయ తగిలింది. ఇక్కడే అని ఆమె ఒంటికి తెలిసిపోయింది. చేతులు ఆగిపోయాయి. అరవడానికి నోరు తెరిస్తే నీళ్ళు పోయాయి.

ముందు పోతున్న గ్లోరీ వెనక్కి తిరిగింది. నాలుగు బారల్లో వచ్చి స్నేహితురాలి చంక కింద చెయ్యి వేసింది. రెండో చేత్తో తల వెనక ముడి లాగేసింది. ఇన్నేళ్ళలో ఆమె నదిలో జుట్టు విప్పడం అదే మొదలు. నల్లటి జుట్టు నీటి మీద పరుచుకుంది. దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టు అది వంశధారను పీల్చుకోవడం మొదలుపెట్టింది.

నీరు చప్పుడు లేకుండా దిగింది. మెడల నుంచి నడుములకు, నడుముల నుంచి మోకాళ్ళకు. ఈదుతున్న నలభై మందికీ కాళ్ళ కింద ఇసుక తగిలి, ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గణపతిరావు మేస్టారు కూర్చున్న పడవ మెల్లగా ఇసుక మీద కూర్చుంది. ఎగువ నుంచి వచ్చే నీరు వస్తూనే ఉంది, వచ్చింది వచ్చినట్టే గ్లోరీ జుట్టులోకి ఎక్కుతోంది. ఒడ్డు నుంచి ఒడ్డుదాకా నది అడుగు ఎండలో మెరుస్తుంటే, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ ఒడ్డునే బతికిన జాలర్లు కూడా చేతులు జోడించి చూశారు. తర్వాత చర్చిలో ఒకరిద్దరు ఎర్రసముద్రం మాట ఎత్తారుగాని గ్లోరీ ఒప్పుకోలేదు. అక్కడ నీళ్ళు చీలాయి, ఇక్కడ ఎక్కాయి అంది.

జగదీశ్వరి ఇసుకలో నిలబడి చూసింది. పది అడుగుల అవతల సగం పూడిపోయిన పడవ ఉంది. పడవ అడ్డచెక్కకు ఆనుకుని ఒక చిన్న సైకిలు ఉంది. ఆకుపచ్చ రంగు ఇంకా అక్కడక్కడా మిగిలింది.

ఆమె దగ్గరికి పోయి వంగింది. సైకిలు అడ్డచెక్కకు కట్టి ఉంది. నీలం నైలాను తాడు, మూడు చోట్ల. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. ఆమె స్కూలు పుస్తకాలకు నాన్న వేసే ముడి.

"గ్లోరీ, కట్టేసున్నాదే," అంది. "సైకిలు కట్టేసున్నాది. నాన్న పట్టుకోనేదు. ఆయన సేతులు రెండూ ఖాలీయే."

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ గుర్తుకు రానిది వచ్చింది. నీళ్ళలో తన రెండు చంకల కిందా రెండు అరచేతులు. ఒక చేత్తో ఎవరూ పదకొండేళ్ళ పిల్లను అంత ఎత్తుకు ఎత్తలేరు. నాన్న రెండు చేతులతో ఎత్తి పడవవాడికి అందించాడు. కడసారి ఆ చేతుల్లో ఉన్నది సైకిలు కాదు, తను. జగదీశ్వరి ఆ ముడి మీద చెయ్యి పెట్టి, ఇంత వయసు వచ్చిన మనిషి, పిల్లలా ఏడ్చింది. తాయారు పక్కనే నిలబడి ముక్కు తుడుచుకుంది.

"ఎవలూ నడవకండి! ఇది ఈత! నడిస్తే పాయింట్లు పోతాయి!" మేస్టారికి తేరుకోగానే రూలు గుర్తొచ్చింది. అప్పటికే పదకొండు మంది ఒడ్డువైపు నడిచేస్తున్నారు.

"బేగి ఎల్లవే," అంది గ్లోరీ. ఆమె కాళ్ళు మోకాళ్ళదాకా ఇసుకలో దిగబడ్డాయి. నది బరువు సామాన్యం కాదు. "మెడ ఇరిగిపోతన్నాది. నడిసెల్లిపో, నాను సూసుకుంతాను."

జగదీశ్వరి కళ్ళు తుడుచుకుని లేచింది. ముడి విప్పలేదు. "నడిస్తే ఈతవదు. నీల్లొగ్గీ గ్లోరీ."

"ఏటే?"

"ఒగ్గీ. ఈదతాను."

గ్లోరీ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, రెండు చేతులతో జుట్టు పట్టుకుని పిండింది.

వంశధార దిగి వచ్చింది. మోకాళ్ళు, నడుము, మెడ. సైకిలు మీదికి ఇసుక జారింది. పాయ చల్లగా జగదీశ్వరి పొట్ట కింద చెయ్యి వేసి లేపింది. ఆమె చేతులు సాచింది. పారే నీరు ఎవరి మాటా వినదు, నిజమే. దాని మాట తను వింటే సరిపోతుందని ఆ రెండువందల మీటర్లలో తెలుసుకుంది. ఒడ్డెక్కేసరికి ఇరవై మూడు నిమిషాలు. మేస్టారు గడియారం చూసి, ఆమెను చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, "సైకిలెక్కమ్మా, సూస్తావేటి?" అన్నారు. ఇరవై కిలోమీటర్లు ఆమె సైకిలు ఎలా తొక్కిందో దారిలో చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆరో స్థానం వచ్చింది. ఆరో స్థానానికి బేసిన్లు ఇవ్వరు.

పరుగులో ఉండగా తాయారు గమనించింది. "ఒసే గ్లోరీ, నీ జుట్టు ఎగురుతన్నాదేటే?"

గ్లోరీ తల తడుముకుంది. నదికి నది ఇచ్చేటప్పుడు తన వాటా మిగుల్చుకోలేదు. జుట్టు పొడిగా, తేలిగ్గా గాలికి లేస్తోంది. ఆమె నవ్వుతూనే పరిగెత్తింది. ఇంటికి పోయాక ఏడ్చింది. "అద్దెకున్నోలు ఎల్లిపోయిన ఇల్లులాగున్నాదే నా తల," అంది. ఆ వారం పోస్టాఫీసుకు స్పంజి కొన్నారు. శనివారం సాయంత్రం జగదీశ్వరి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి, గ్లోరీని మెట్టు మీద కూర్చోబెట్టి, ఇరవై మూడేళ్ళుగా నూనె నిలవని ఆ తలకు నూనె అంటి, చిక్కు తీసి, జడ వేసింది.

ఆ ఏడు పోలి పాడ్యమి ఆదివారమే వచ్చింది. ఆ పొద్దు తెల్లవారకముందే మళ్ళీ తలుపు చప్పుడైంది. గుమ్మంలో జగదీశ్వరి, చేతిలో అరటిదొప్ప, పక్కన తాయారు.

"నా దగ్గర నీల్లు నేవు కదే," అంది గ్లోరీ.

"బేసిను తేనేదు. నువ్వు రా."

ముగ్గురూ పాత రేవుకి పోయారు. జగదీశ్వరి ఒక్కతే నడుములోతుకు దిగి, దీపం వెలిగించి నీటి మీద పెట్టింది. అది ఆమె చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి చాచింది. దీపం ఆ చేతి దగ్గరికి రాలేదు. పాయ అందుకుని నడిమధ్యకు పోయి, పడవ ఉన్న చోట కాసేపు ఆగి, మిగతా దీపాలతో కలిసి కళింగపట్నం వైపు సాగిపోయింది. అది కనబడినంతసేపూ జగదీశ్వరి రెండు చేతులూ నీటిలో ఉంచి నిలబడింది.