ఆల్చిప్ప మంచం

మా ఆయన సదానందం జపాన్ వెళ్లి అయిదు రోజులయింది. వీడియో కాల్‌లో ఆయన వెనకాల నాకు కనిపించిందల్లా ఒక తెల్లగోడ. విమానం కిటికీ నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా అన్నిటికీ ఫొటోలు పంపిన మనిషి, ఉంటున్న గది మాత్రం చూపించడం లేదు. ఎప్పుడు అడిగినా ఛార్జింగ్ అయిపోతోందంటాడు.

మేం బతకొచ్చిన పరాయి రాష్ట్రంలో, పాండేసర బట్టల మిల్లుల్లో ఆయన మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. కొత్త మిషన్లు తెప్పిస్తున్న సేఠ్, వాటిని విప్పడం బిగించడం నేర్చుకు రమ్మని పన్నెండు రోజులకు పంపాడు. దగ్గర్లోనే బమ్రోలిలో మాది ఒకటే గది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్త సమ్మక్క అందులోనే. ఫోన్ మోగితే ముందు అత్త మాట్లాడాలి, తర్వాత పిల్లలు గుంజుకోవాలి. నా వంతు వచ్చేసరికి తిన్నవా, పన్నవా అని అడగడంతోనే సరిపోతుంది.

ఆరో రోజు దొరికిపోయాడు. నేను చీరలకు లేసులు కుడతాను, పొద్దస్తమానం బట్టే నా లోకం. ఆయన చెవి పక్కన గోడకు ఒక మడత కనిపించింది. గోడకు మడతేమిటని చూస్తుండగానే ఫ్యాను గాలికి కాస్త ఊగింది కూడా. అది దుప్పటి. నా మొగుడు ఏదో దాచడానికి వెనక దుప్పటి కట్టుకుని కూర్చున్నాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన మీద కోపం రాని వారం లేదు గానీ, అనుమానం రావడం అదే మొదలు.

మర్నాడు అత్తకు వంకాయలు తరగమని అప్పజెప్పి, ఫోన్ తీసుకుని డాబా ఎక్కాను. సాయంత్రం నాలుగింటికి అక్కడ ఆరేసిన బట్టలు తప్ప ఎవరూ ఉండరు.

"ఎనుకున్న దుప్పటి తియ్యి," అన్నాను. "ఏం దాస్తున్నవో నేను జూడాలె."

ఆయన నవ్వొద్దని ఒట్టు వేయించుకుని లాగేశాడు.

గదంతా సముద్రపు నీలం. గోడల నిండా చేపలు, తాబేళ్లు. మధ్యలో మంచమనాలో ఏమనాలో, నోరు తెరిచిన పెద్ద ఆల్చిప్ప. అందులో ఎర్ర మఖ్మలు పరుపు, పైకప్పుకు అద్దం. ఆ అద్దంలో లుంగీ బనీనుతో మా ఆయన దొంగలా నిలబడి ఉన్నాడు.

ఫ్యాక్టరీ దగ్గర ఉన్న లాడ్జి ఇదొక్కటేనట. సేఠ్ ఆఫీసు వాళ్లు చవగ్గా ఉందని చూడకుండా బుక్ చేశారట. జంటలు గంటల లెక్కన తీసుకునే గదులట. కౌంటర్‌లో మనిషి మొహమే కనబడదట, గది బొమ్మ మీద నొక్కితే తాళం వస్తుందట. తల్లి చూస్తే పరువు పోతుందని, నేను చూస్తే ఇంకోలా అనుకుంటానని దుప్పటి కట్టాడట. ఆ అద్దం కింద తనను తాను చూసుకుంటూ పడుకోలేక నేల మీదే పడుకుంటున్నాడు. చూపించమన్నాను. చాప వేసినట్టు పరిచిన తువ్వాలు, దిండుకు బదులు బ్యాగు, పక్కన నేను పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు. నలుగురిలో నా పక్కన కూర్చోడానికే జంకే మనిషి, నమ్మక ఏం చేస్తాను.

అనుమానం పోగానే కుతూహలం పట్టుకుంది. స్నానాలగది చూపించమన్నాను, మీటలన్నీ నొక్కమన్నాను. ఒకటి నొక్కితే అలల చప్పుడు, ఇంకోటి నొక్కితే మంచం గిర్రున తిరిగింది. ఇటువంటి చోటికి ఎవరొస్తారని అడిగాను.

"పడుసోళ్లే అనుకున్న. కాదు," అన్నాడు. "నిన్న ఓ ముసలాయిన, ముసలామె టిఫిన్ డబ్బా పట్టుకోని వచ్చిండ్రు. ఈడ గూడ ఇండ్లు ఇరుకేనంట. ఇంట్ల అందరుంటరని, రెండు గంటలు ముచ్చట పెట్టుకోనీకి ఆలుమగలే వస్తరంట."

మా మధ్య ఎవరూ లేకుండా ఇంతసేపు ఆయన మొహం చూసి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. నాకు ఏడుపొచ్చింది. మొగుడితో అరగంట ఒంటరిగా మాట్లాడటానికి ఆయన జపాన్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

కిందినుంచి అత్త పిలుస్తోంది.

"వచ్చేనాడు బొంబాయి నుంచి సీదా ఇంటికి రాకు," అన్నాను. "ఊరి బయట కామ్‌రేజ్‌ల బస్సు దిగు. ఆడ హైవే మీద రూములిచ్చే హోటళ్లు మస్తున్నయ్. నేనొస్త."

ఆయన ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుని గొంతు తగ్గించాడు.

"అమ్మకేం జెప్పాలె?"

"ఇమానం లేటైందని చెప్పు. ఒక్క దినం."