బయటి గడియ

అచ్చు స్క్రీన్లు కడిగే పెద్దమ్మ థిన్నరు ఘాటుకి డబ్బా పక్కనే కూలిపోయింది. పట్టపగలు పదకొండు గంటలు. ముప్పైమందిమి చేతులు వాచేలా తలుపు బాదాం. ఇనపరేకు కొట్టిన తలుపు, కదల్లేదు. గడియ బయట ఉంది, తాళంచెవి ఓనరు జేబులో ఉంది, ఓనరు నాయకుడి సభలో ఉన్నాడు. ఆయన వచ్చి తలుపు తీసేసరికి పెద్దమ్మ ఒళ్లు చల్లబడిపోయింది.

"అందరూ ఇలా మూగితే జెండాలెవరు వేస్తారు?" అన్నాడు.

ఆ తాళం సంగతి సిగ్గుపడుతూనే చెబుతాను. మాది జెండాలు అచ్చువేసే షెడ్డు. ఒక్కొక్కరం ఒక్కో రంగు వేస్తాం. నాది నలుపు, అంటే నాయకుడి జుట్టు, మీసం, కనుపాపలు. పార్టీ పుట్టకముందే జెండా బయటికి పొక్కకూడదని ఆనాడు తాళం వేశారు. మేమూ సరే అన్నాం. లోకం కంటే ముందు ఆ మొహం చూశామని మిడిసిపడ్డాం కూడా. ఆ పార్టీకి మొహం తప్ప ఇంకేమీ లేదు. ఏం చేస్తారని అడిగితే మొహమే చూపించేవారు. యజమాని బాగుంటేనే పనివాడు బాగుంటాడని నాయకుడంటే చప్పట్లు కొట్టాం. గెలిచాడు. గెలిచాక కార్ఖానాల తనిఖీ ఎత్తేశాడు. జెండా ఊరంతా ఎగిరింది, షెడ్డుకి తాళం మాత్రం అలాగే ఉండిపోయింది.

పెద్దమ్మ పోయిన ఏడాదికి పార్టీ ఓడింది. కాళ్లు మొక్కినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి నాయకుడే, నిన్నటిదాకా దొంగలని తిట్టిన పార్టీలో చేరిపోయాడు. చేతికంటిన నలుపు రెండుసార్లు కడుక్కున్నాను. ఆ మీసం దిద్దింది నేనే మరి.

మర్నాడు ఓనరు ఆ పార్టీ కొత్త జెండా నమూనా తెచ్చాడు. "రంగులు మార్చండి. బయటికి పొక్కకూడదు, తాళం వేస్తున్నా."

"జెండా మారింది, గడియ మారదా?" అంది ఎరుపు వేసే అక్క.

"పార్టీల గొడవ నీకెందుకమ్మా?"

"పార్టీ గొడవ కాదు. పెద్దమ్మ గొడవ."

పసుపు వేసే తాత గొణిగాడు. "ఉన్న పని కూడా పోతుందే అమ్మాయ్."

"పని పోతే వెతుక్కుంటాం తాతా. పెద్దమ్మని ఎక్కడ వెతుకుతావు?"

తాతే ముందు వెళ్లి తలుపు కింద చెయ్యి పెట్టాడు. మూసి ఉంటే ఊడదుగానీ, తెరిచి ఉన్న తలుపుని బందుల మీంచి ఎత్తేయొచ్చు. ముప్పైమందిమి ఎత్తాం. వీధిలో పడేసి దాని మీదే కూర్చున్నాం.

పోలీసులొచ్చారు. అక్కనీ నన్నూ వ్యాను ఎక్కించారు. వ్యాను ఇంకా కదల్లేదు, ఓనరు అప్పటికే కొత్త తలుపుతో వడ్రంగిని పిలిపించాడు.

"గడియ ఎటు పెట్టమంటారు?" అన్నాడు వడ్రంగి.

"బయటికి."

"లోపల మనుషులుంటారా?"

ఓనరు జేబులోంచి తాళం తీసి చూపించాడు.

"అయితే నావల్ల కాదండి."

ఉలీ సుత్తీ సంచిలో వేసుకున్నాడు. వీధిలో పడున్న తలుపు మీద తాత జరిగి ఆయనకి చోటిచ్చాడు.

మేం పదహారు రోజులకి విడుదలై వచ్చాం. కొత్త తలుపు ఇంకా గోడకి ఆనించే ఉంది. ఊళ్లో ఏ వడ్రంగీ దాన్ని ముట్టుకోలేదు.