మైనం పళ్ళ రోజు

పాలపన్ను పట్టుకుపోవే పిచ్చుకమ్మా,
రాతిపన్ను తెచ్చిపెట్టవే పిచ్చుకమ్మా...

మూడో పాదంలో పిచ్చుక ఏదో అడుగుతుంది. ఏమడుగుతుందో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు పన్ను ఊడినప్పుడల్లా పాడుకున్న పాటే. పళ్ళాసుపత్రిలో ఆయాగా ఉన్నన్నాళ్ళూ గదులు తుడుస్తూ ఈ రెండు పాదాలే తిప్పి తిప్పి పాడేదాన్ని.

పొద్దున్నే ముందు గది, కుర్చీ ఉన్న గది తుడిచేసి వెనక గదిలోకి వెళ్ళేదాన్ని. అక్కడ పళ్ళు తయారుచేసే ఆయన ఉండేవాడు. నెత్తి మీదా కనుబొమల మీదా ఎప్పుడూ తెల్లటి పొడే, అందుకని అందరూ సున్నం మావయ్య అనేవాళ్ళు. ఆయన వెనకాల గోడంతా అరలు. అరల నిండా జనాల నోళ్ళకి తీసిన తెల్లటి అచ్చులు. చీటీల మీద పేర్లు చదవడం నాకు రాదు కాబట్టి ఒక్కో అచ్చుకి ఒక్కో రంగు దారం కట్టుకునేదాన్ని.

అచ్చులు బాగా ఆరితే మాట్లాడతాయి. ఆ నోరు లోపల అట్టేపెట్టుకున్న మాట ఏదుందో అదే అంటాయి, ఇంకోటి అనవు. ఒక పెద్ద ఆఫీసరుగారి అచ్చు రోజంతా "నాకు భయం" అనేది. ఒక కొత్త కోడలి అచ్చు "పప్పులో ఉప్పు లేదు" అనేది, మావయ్యకి ఆ అచ్చంటే మహా ముద్దు. సాయంత్రమయ్యేసరికి అన్నీ అందుకుంటే పని సాగదు. అందుకని అచ్చుల పై పళ్ళ వరసకీ కింది పళ్ళ వరసకీ మధ్య దూది పెట్టడం నా వంతు. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యాలని చేరిన రోజే మావయ్య ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఒక్క అచ్చు సంగతి మాత్రం ఆ అచ్చు తాలూకు ఆవిడే రాయమంది కనుక రాస్తున్నాను.

ఆవిడ బట్టలు కుట్టేది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే లోపలికి వచ్చింది. దారం కొరికి కొరికి ముందు పంటికి చిన్న గాటు పడి ఉంది. రూపు మిగిలింది అదొక్కటే, అదీ కదులుతోంది. మిగతావి అరిగిపోయిన సబ్బు బిళ్ళల్లా ఉన్నాయి, వెనకవి విరిగి చీము పట్టాయి. మెత్తగా పిసికిన అన్నం తప్ప తిని చాలా రోజులయిందట. డాక్టరమ్మ చూసి, నోరంతా మళ్ళీ కట్టాలంది. చెడినవి తీసెయ్యాలి, ఎముకలో స్క్రూలు బిగించాలి, మిగిలిన మొండి వాటికి క్యాపులు వెయ్యాలి. దగ్గర దగ్గర ఏడాది పని.

"ఇవి వాటంతటవే అరిగినవి కావు. పంటి బిగువున ఏం మోస్తున్నావమ్మా?" అని అడిగింది.

ఆవిడ అచ్చుకని నోరు తెరిచింది.

అచ్చు తీశారు. దానికి ఎర్ర దారం కట్టాను. మూడో రోజుకి ఆరింది. అరలోంచి మెల్లగా అంది: "అత్తయ్యా, మీ అబ్బాయి లేడు."

మావయ్య చేతిలో పని ఆపి నా వంక చూశాడు. నేను వెళ్ళి దూది పెట్టేశాను.

పళ్ళు తీసిన రోజు బుగ్గకి ఐసు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆవిడే నాకు చెప్పింది. మొగుడు ఓడ మీద పనికి వెళ్ళాడు. ఆరేళ్ళ కిందట, ఓడలోనే జబ్బు చేసి పోయాడని కబురొచ్చింది. అదే వారం అత్తగారు గుండె నొప్పితో మంచాన ఉంది. ఇవాళ కాదు, రేపు చెబుదాం అని ఈవిడ అనుకుంది. రేపు, ఎల్లుండి, వచ్చే నెల. ఈలోగా ముసలావిడ కొడుకు ఉత్తరం ఏదని అడిగింది. ఆదివారం మధ్యాహ్నం ఈవిడ గది తలుపేసుకుని మొగుడి దస్తూరీతో ఉత్తరం రాసింది. అప్పట్నుంచీ రాస్తూనే ఉంది. రాసింది అత్తగారికి తనే చదివి వినిపిస్తుంది.

"చదివినంతసేపూ పళ్ళు బిగబట్టి ఉంచాలి ఆయమ్మా. కాస్త వదిలానంటే ఏడుపొచ్చేస్తుంది."

స్క్రూలు ఎముకలో కుదురుకునే లోపు తాత్కాలికంగా పళ్ళు పెట్టారు. నెల తిరక్కుండానే పగిలాయి. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పగిలాయి. నిద్రలో కూడా బిగిస్తోంది. అసలు పళ్ళు పెట్టాక ఇలాగే చేస్తే స్క్రూలు కదిలిపోతాయనీ, తర్వాత బిగించడానికి ఎముక మిగలదనీ డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. బతికినన్నాళ్ళూ జావే తాగాలి. ఆవిడ వింది, తలూపింది. అత్తగారి గుండె గట్టిది కాదని మాత్రం అంది.

అసలు పళ్ళు చేసే ముందు మైనంతో చేసి నోట్లో పెట్టి చూస్తారు. ఆ రోజు ఇంట్లోవాళ్ళెవరో ఒకరు తప్పకుండా రావాలి. అద్దంలో మన మొహం మనకి సరిగ్గా తెలియదు, ఎదురుగా కూర్చుని అన్నం తినేవాళ్ళకే తెలుస్తుందని డాక్టరమ్మ నియమం. ఆవిడకి ఇంట్లో ఉన్నది ఒక్కరే.

అత్తగారు వచ్చింది. చిన్న మనిషి, నోటి నిండా సొంత పళ్ళే. నా పళ్ళు చూసి నేర్చుకోండి అని డాక్టరమ్మకే పాఠం చెప్పింది. కోడలి పక్కన స్టూలు వేయించుకుని కూర్చుంది.

బల్ల మీద ఎర్ర దారం అచ్చు, తీసేసిన పళ్ళ చోట మావయ్య నున్నగా చెక్కేశాడు, దాని మీద మైనం పళ్ళు. దూది పోగులు మైనానికి అంటుకుంటాయని పొద్దున్నే నేనే తీసేశాను. మైనం కప్పి ఉంది కదా, ఏం మాట్లాడుతుందిలే అనుకున్నాను. మావయ్య మైనం పళ్ళు ఎత్తి ఆవిడ నోట్లో పెట్టాడు. కొరక్కు, నలిగిపోతాయి అన్నాడు. బల్ల మీద అచ్చు బోసిగా మిగిలింది. అప్పుడు చూసుకున్నాను. దూది నా జేబులో ఉంది.

"అత్తయ్యా, మీ అబ్బాయి లేడు" అంది అచ్చు, కోడలి గొంతుతో.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లో మైనం ఉంది, మాట్లాడడానికి లేదు, పళ్ళు బిగించడానికీ లేదు. నోరు వదులుగా వదిలేసి వినాల్సి వచ్చింది.

ముసలావిడ అచ్చు వైపు తిరిగి, "మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పింది.

"ఎన్నాళ్ళయింది?"

కోడలు ఆరు వేళ్ళు చూపించింది.

"మరి ఉత్తరాలు?"

కోడలు చెయ్యి తన గుండె మీద పెట్టుకుంది. కన్నీళ్ళు కారి మెడ దగ్గర కట్టిన గుడ్డలో ఇంకుతున్నాయి. ముసలావిడ కోడలి కుర్చీ చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ ఆవిడ నాడి పట్టుకుని ఉంది.

"వాడు నన్ను తిన్నావా అని ఎప్పుడూ అడిగి ఎరగడు," అంది చివరికి. "ఉత్తరాల్లో అడుగుతుంటే, దూరం వెళ్ళాక బుద్ధొచ్చింది కాబోలు అనుకున్నా."

తర్వాత కోడలి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చూసి చూసి, "డాక్టరమ్మా, ముందు పంటికి గాటు ఉండాలి. అదేది?" అంది. "మా ఇంటికొచ్చినప్పట్నుంచీ ఈ పిల్ల అక్కడే దారం తెంపుతుంది. అది లేకపోతే నాకీ మొహం తెలీదు."

మావయ్య సూది వేడిచేసి మైనంలో గాటు దించాడు. డాక్టరమ్మ వంగి చూసింది. పై వరసా కింది వరసా ఎక్కడ కలవాలో అక్కడ, ఎన్ని నెలలు వెతికినా దొరకని చోట, వాటంతటవే కలిసి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి ఆ కొలత అప్పుడే తీసుకుంది.

ఆ నెలంతా వాళ్ళు రాలేదు. ఏడవవలసింది ఆరేళ్ళది ఉంది మరి. వచ్చినప్పుడు ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. పళ్ళు బిగించారు. అవి ఇప్పటికీ పగల్లేదు.

పని అయిపోయినవాళ్ళకి వాళ్ళ అచ్చు ఇచ్చి పంపడం మా అలవాటు. ఎర్ర దారం అచ్చుకి దూది తీసి రెండు రోజులు చూశాను, ఏమీ అనలేదు. కాగితంలో చుట్టి మెట్ల దాకా వెళ్ళి ఇచ్చాను. ఆవిడ దారం చూసింది, ఇదేమిటంది. చీటీ చదవడం రాదని చెప్పాను. ఆవిడ దారం కొస నోటికి పట్టించి కొత్త పంటి గాటులో పెట్టి తెంపింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆసుపత్రిలో ఆవిడ నాతో అన్న ఆఖరి మాట ఇది:

"ఆదివారం మధ్యాహ్నాలు నాకిప్పుడు ఖాళీ ఆయమ్మా. రాసిన చెయ్యి ఊరుకోవడం లేదు. పలక కొనుక్కురా."