తూటాలు లేకుండా ఎంత?

నేను ఒక రెండు గొట్టాల తుపాకిని. ఆ మాట వినగానే ఒక అడుగు వెనక్కి వేశారు కదూ! అక్కర్లేదు, దగ్గరికే రండి. నేను పుట్టి నలభై ఏళ్ళు దాటింది. ఇంతవరకు ఒక కాకిని కొట్టిన పాపాన పోలేదు. గోడకు వేలాడాను, గేటు దగ్గర నిలబడ్డాను, బేరాల్లో నలిగాను. తుపాకిగా నువ్వు చేసిన పనేమిటని అడిగితే మాత్రం నీళ్ళు నమలాల్సిందే.

నన్ను చేసిన మిస్త్రీ పేరు నాకు తెలియదు. గొట్టాలు నునుపు చేసి, కొయ్య బిగించి, వెలుతురుకు ఎత్తిపట్టి లోపలికి ఒక కన్నుతో చూసి, బాగుందన్నట్టు తలాడించాడు. పనితనం తెలిసి నన్ను చూసినవాడు ఆయనొక్కడే. ఆ తర్వాత చూసినవాళ్ళంతా ఎంతకిస్తారో తెలుసుకోవడానికే చూశారు.

మొదట నన్ను కొన్నది ఒక కాఫీ తోటల ఆసామి. బావమరిది తుపాకి కొన్నాడని కొన్నాడు. బావమరిది అమ్మేశాడని అమ్మేశాడు. నడుమ పదేళ్ళు నేను ఆయన ముందుగదిలో గడియారం పక్కన వేలాడాను. ఆ పైన ఒక బ్యాంకు గేటు దగ్గర దస్తగిరి అనే కాపలాదారుతో పదిహేడేళ్ళ కాపురం. మనిషి బంగారం. మధ్యాహ్నం నా గొట్టానికి తువ్వాలు ఆరేసి, నా మీద బరువు ఆన్చి, నిలబడే కునుకు తీసేవాడు. దొంగలెవరూ రాలేదు. వచ్చి ఉంటే ముందు అతన్ని లేపవలసి వచ్చేది.

దస్తగిరి రిటైరయ్యాక బ్యాంకు నన్ను పాతసామాను కింద లెక్కగట్టి గుంతకల్లులో మజీద్ సాయిబు తుపాకుల అంగడికి అమ్మింది. లోకజ్ఞానం నాకు అక్కడే అబ్బింది. మనవాళ్ళు ఏది కొన్నా వంకాయలు కొన్నట్టే కొంటారు. ఒకాయన నన్ను కుండను తట్టి చూసినట్టు వేలితో తట్టి, మోత విని, పెదవి విరిచాడు. ఇంకొకాయన, రెండు గొట్టాలు నాకెందుకు, ఒకటే తీసుకుంటా సగం ధరకివ్వు అన్నాడు. పక్కనున్న చీరల కొట్టువాడు ఆషాఢం తగ్గింపు అని బోర్డు పెడితే, మజీద్ సాయిబు కూడా పోటీకి ఒక బోర్డు పెట్టాడు. ఆ నెలంతా జనం తుపాకులు చూడటానికి వచ్చి, ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇస్తారా అని అడిగి పోయారు. లైసెన్సు ఉందా అని సాయిబు అడిగితే, ధర నచ్చితే తెచ్చుకుంటామన్నారు.

ఆ రోజుల్లోనే ఎర్రిస్వామి వచ్చాడు.

ఎర్రిస్వామిది అక్కడికి పది మైళ్ళ దూరంలో ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట. రెండేళ్ళు వానలు ఎగ్గొట్టి, మూడో ఏడు వేరుశనగ పైరు కళకళలాడుతూ నిలబడింది. నిలబడిందో లేదో, అడవిపందులు మందలుగా దిగి గట్టు పక్క పది సాళ్ళు కుళ్ళగించి పోయాయి. ఈ పంట గాని చేతికి రాకపోతే ఎర్రిస్వామి, పెళ్ళాం సుంకమ్మ ఇద్దరూ ఇంటికి తాళం వేసి బెంగళూరు కూలికి పోవలసిందే. పక్కింటివాళ్ళు పోయినేడు అట్లాగే పోయారు. ఇంకా తిరిగి రాలేదు. పైరు కాపలాకని ఎర్రిస్వామి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి లైసెన్సు సంపాదించాడు. దానికి ఒక గడువుంది. ఆ లోపల తుపాకి కొని చూపించకపోతే కాగితం చెల్లదు.

ఇంత అవసరమున్న మనిషి ఏం చేయాలి? వచ్చి కొనుక్కుపోవాలి. కానీ ఎర్రిస్వామి వాళ్ళ వంశంలో అడిగిన ధరకు కొన్నవాడు లేడు. వాళ్ళ నాయన ఒక గొడ్డలి కొనడానికి మూడు సంతలు తిరిగాడని ఊళ్ళో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అందుకని ఎర్రిస్వామి అంగట్లో ఉన్న తుపాకులన్నిటినీ ముట్టుకుని, నన్నొక్కదాన్నే ముట్టుకోలేదు. అప్పుడే అర్థమైంది నాకు, మనసు నా మీద పడిందని. చివరికి మొహం పక్కకు తిప్పుకుని, ఏదో దారిలో కనబడింది కాబట్టి అడుగుతున్నట్టు అడిగాడు.

"ఆ మూల ఉండేది ఎంతప్పా?"

"ముప్పై వేలు," అన్నాడు మజీద్ సాయిబు.

"తుపాకా, ట్రాక్టరా?"

"నువ్వెంతకు అడుగుతావో అడుగు."

"పది."

సాయిబు చెవిలో పుల్ల తిప్పుకున్నాడు. ఎర్రిస్వామి లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోవడమంటే నిజంగా పోవడం కాదు. మొదటి పిలుపుకు తిరక్కూడదు, రెండో పిలుపుకు ఆగాలి, మూడో పిలుపుకు వెనక్కి రావాలి. ఒకవేళ ఎవరూ పిలవకపోతే పరువు పోకుండా తిరిగి రావడానికి ఎర్రిస్వామి తన తువ్వాలును అంగట్లోనే మరిచిపోయేవాడు. అది మరవడంలో అతనికి ఎన్నడూ మరపు లేదు.

ఇట్లా వారం వారం, గురువారం సంతకు వచ్చినప్పుడల్లా జరిగింది. సాయిబు వెయ్యి దిగేవాడు, ఎర్రిస్వామి అయిదు వందలు ఎక్కేవాడు. పొద్దు వంగే దాకా బేరం, ఆపైన తువ్వాలు. సాయిబుకు కూడా గురువారమంటే ఒక పండగలా తయారైంది. ఆ రోజు వేరే గిరాకీ వస్తే విసుక్కునేవాడు. అక్కడ పొలంలో పందులు మాత్రం ఏ బేరమూ లేకుండా తింటున్నాయి. ఒక గురువారం సుంకమ్మ కూడా మొగుడి వెంట బస్సెక్కి వచ్చింది. రాత్రుళ్ళు మంచె మీద డబ్బా కొట్టి కొట్టి ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"సాయిబన్నా, మీ ఇద్దరి బేరం తెగేలోపల పందులు సగం శేను తిన్యాయి. ఇచ్చేదేదో ఇచ్చేయన్నా, నీకు పున్నెముంటాది," అంది.

సాయిబు మెత్తబడి నోరు తెరిచాడు. ఎర్రిస్వామి పెళ్ళాం మోచేతిని గిల్లాడు. "నువ్వు గమ్మునుండే. అవసరముందని తెలిస్తే బేరం సెడతాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇనుముకు ఒళ్ళు మండటమేమిటంటారా, ఆ చేతులు చూసి ఉంటే మీకూ మండేది.

గడువు చివరి రోజు వచ్చింది. ఎర్రిస్వామి జేబులో లైసెన్సు పెట్టుకుని, మొహంలో మాత్రం వచ్చే సంవత్సరం దాకా తీరిక ఉన్నవాడిలా కూర్చున్నాడు. సాయిబు ఇరవై రెండు దగ్గర నిలబడిపోయాడు. ఎర్రిస్వామి లేచి పోయాడు. సాయిబు ఒకసారి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవబోతుండగా ఇంటి నుంచి క్యారియర్ వచ్చింది, భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా టీ బంకు దగ్గర ఎర్రిస్వామి మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి మూడు టీలు తాగాడు. చివరికి తువ్వాలు కోసం వచ్చాడు.

వచ్చి, కొత్త పద్ధతి ఎత్తుకున్నాడు. "భుజానికేసుకునే ఆ తోలుపట్టీ నాకొద్దు. అది తీసేస్తే ఎంత?"

సాయిబు కొంచెం తగ్గించాడు.

"గొట్టం తుడిసే కమ్మీ కూడా వద్దు. ఎంత?"

ఇంకొంచెం తగ్గింది.

"ఆ సంచి?" తగ్గింది. "డజను తూటాలు కలిపి సెప్పినావు కదా. తూటాలు లేకుండా ఎంత?"

మజీద్ సాయిబు చెవిలో పుల్ల తీసి కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయనకు ఇట్లాంటి ప్రశ్న ఎదురు కాలేదు. "పద్దెనిమిదిన్నర," అన్నాడు నీరసంగా.

"ఇయ్యి!"

అట్లా నేను అమ్ముడుపోయాను. రసీదు రాసిచ్చి, ఇక కొసరు అడిగే సందివ్వకుండా సాయిబు అతన్ని తలుపు దాకా సాగనంపాడు. ఎర్రిస్వామి నన్ను దుప్పట్లో చుట్టి, పెళ్ళికొడుకును తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. సుంకమ్మ గడపలో నాకు పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. ఇచ్చాక దుప్పటి దులిపి వెతికింది.

"తూటాలేవయ్యా?"

"అవి తీసేయించినా. దాంతోనే పెద్ద మొత్తం తగ్గింది."

"మరి ఇదేం చేస్తాది?"

"బెదిరిస్తాది."

"ఇది తుపాకని పందులకు తెలుసునా?"

ఎర్రిస్వామి నన్ను గోడకు ఆనించాడు. వచ్చే గురువారం తూటాలు తెస్తానన్నాడు. వెళ్ళాడు. సాయిబు ధర చెప్పాడు. ఎర్రిస్వామి లేచి వచ్చేశాడు. తువ్వాలు అక్కడే ఉండిపోయింది. సుంకమ్మ ఆ పూట అన్నం పెట్టి, పక్కకు తిరిగి కూర్చుని ఏడ్చింది. కోపంతో కాదు. ఇల్లు వదిలి పోవాలనే భయంతో ఏడ్చింది.

మర్నాడు మునిమాపు వేళ ఇద్దరూ నన్ను తీసుకుని మంచె ఎక్కారు. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. చిన్న వాగులాంటి వంక పక్క పొదల్లో గుర్రుమనే చప్పుడు. ఎర్రిస్వామి నన్ను భుజానికి ఎత్తి గురిపెట్టాడు. తొమ్మిదో పదో పందులు గట్టెక్కి మావైపు తీరిగ్గా చూశాయి. సరిగ్గా అప్పుడు పక్క చేని మంచె మీద నుంచి ముత్యాలప్ప అరిచాడు.

"ఎర్రిస్వామన్నా! తుపాకి తెచ్చినావంట! ఎంత పడిండాది?"

ఎంత పడిందని అడిగితే ఎర్రిస్వామికి ప్రాణం లేచి వస్తుంది. నన్ను కింద పెట్టి, నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాడు. "వాడు ముప్పై అన్న్యాడు! నేను పది అంటి! లేసి వొచ్చేస్తి!" అటు పక్క మంచె మీద నుంచి ఇంకొకాయన, "వాడేమన్న్యాడు?" అని అరిచాడు. వంకకు ఆవల నుంచి మరొకాయన, "తువ్వాలు మరిసి వొస్తివా?" అని అడిగాడు. ఎర్రిస్వామి సాయిబు గొంతు పెట్టాడు, తన గొంతు పెట్టాడు, టీ బంకువాడి గొంతు కూడా పెట్టాడు. నాలుగు చేల రైతులు విరగబడి నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక చూస్తే గట్టు మీద ఒక్క పంది లేదు.

సుంకమ్మ గట్టు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. మర్నాడు మంచె ఎక్కి, వెలుతురు తగ్గుతుండగా, ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఏమయ్యా, అంగట్లోకి పోయినాక ముందు ఎవురు మాట్లాడినారు?"

అంతే. రోజూ ఆమె అడగడం, అతను అరవడం. కొత్తవాళ్ళు వినడానికి ఊళ్ళోంచి వచ్చి గట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆ బేరం ఆమెకు అక్షరం అక్షరం కంఠతా వచ్చేసింది. అయినా మూడో పిలుపు దగ్గర ప్రతిరోజూ, "అయ్యో, మళ్ళ?" అనేది. పందులు వేరే ఊళ్ళు చూసుకున్నాయి.

కాయ పీకడానికి ఇంకా పది రోజులుందనగా ఎర్రిస్వామి గొంతు పోయింది. పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. ఆ సాయంత్రం మంచె మీద అతను నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, తల వంచుకున్నాడు. గట్ల మీద జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వంక పక్క పొదలు కదిలాయి. బెంగళూరు బస్సు ఊరి బయటికి వచ్చి ఆగినట్టే అనిపించింది నాకు.

సుంకమ్మ లేచింది. కొంగు నడుముకు దోపుకుని, నన్ను తీసి చంకలో పెట్టుకుని, నాలుగు చేలకూ వినబడేట్టు గొంతెత్తింది.

"సాయిబు ముప్పై అన్న్యాడు! మా ఆయప్ప నవ్వినాడు!"

దేవుడా, ఎంత గొంతు! నా రెండు గొట్టాలూ కలిసి పేలినా అంత మోత రాదు. సాయిబు చెవిలో పుల్ల తిప్పుకోవడం ఆమె చేసి చూపిస్తే జనం పొట్టలు పట్టుకున్నారు. తన బొబ్బల సంగతి ఎక్కడా చెప్పలేదు, గిల్లిన సంగతీ చెప్పలేదు. తూటాల దగ్గరికి వచ్చేసరికి ఎర్రిస్వామి సిగ్గుతో నేల చూపులు చూశాడు. ఆమె నన్ను రెండో చంకలోకి మార్చుకుంది.

"తూటాలు నాకెందుకు సాయిబూ, ఇంట్లో నా పెండ్లాం నోరుండాది అన్న్యాడు మా ఆయప్ప!"

గట్లన్నీ గొల్లుమన్నాయి. పొదల్లోంచి పరుగులు వినబడ్డాయి, వంక దాటి దూరమైపోయాయి. ముత్యాలప్ప కళ్ళు తుడుచుకుంటూ, "ఆకరికి ఎంతకు తెగింది వొదినా?" అని అడిగాడు.

"పదిహేడు వేలు!" అంది సుంకమ్మ.

ఎర్రిస్వామి తలెత్తాడు. ఇచ్చింది పద్దెనిమిదిన్నర. సరిదిద్దబోయి చెయ్యెత్తాడు, అది అట్లాగే దించేశాడు. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొగుడి పరువు కోసం ఆమె ఒక్క మాటతో పదిహేను వందలు తగ్గించింది. అతను రెండు నెలలు తిరిగినా సాయిబును ఆ ధరకు దించలేకపోయాడు.

పంట ఇంటికి వచ్చింది. బెంగళూరు బస్సు వాళ్ళు ఎక్కలేదు. నేను ఇప్పుడు వాళ్ళ ఇనప బీరువాలో, సుంకమ్మ పెళ్ళి చీర పక్కన, తాళం లోపల ఉంటున్నాను. తూటాల బేరం ఇంకా సాగుతూనే ఉంది. ఏటా పైరు కాయపట్టే నాటికి నన్ను మంచె ఎక్కిస్తారు, ఆమె కథ ఎత్తుకుంటుంది, ఏటా నా ధర కాస్త కాస్త దిగుతూ వస్తుంది. ఈ ఏడు పన్నెండు వేలకు దిగింది. ఈ లెక్కన ఇంకొన్నాళ్ళకు మజీద్ సాయిబే ఎదురు డబ్బిచ్చి నన్ను అంటగట్టాడని చెప్పుకుంటారు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఊరికే వచ్చానని చెప్పినా సరే, ఇద్దరూ ఈ ఊళ్ళోనే ఉండి చెబితే నాకు చాలు.