గానం: స్త్రీ కంఠం

దీనమ్మను మట్టికి అప్పగించిన రోజునే ఆమె పాట కూడా పోయింది. సమాధుల తోటలో పెట్టె దించబోయే ముందు పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకుని, "ఇప్పుడు కీర్తిశేషులు లాజరు మాస్టారు రచించిన కీర్తన పాడుకుందాం. మన సహోదరికి ఎంతో ఇష్టమైన పాట," అన్నారు. 'ముంపు తీసిన చేలలోన నీ అడుగుజాడ కంటిని' అంటూ జనమంతా ఎత్తుకున్నారు. కూతురు పుష్పలత ఒక్కతే నోరు విప్పలేదు. దుఃఖం అనుకున్నారు. పక్కనున్న పెద్దావిడ వీపు నిమిరింది కూడా. దుఃఖమే. కానీ దాని అడుగున ఇంకేదో కుతకుతమంటోంది. ఇష్టమైన పాటట! కట్టిందే ఆవిడ.

ఆ పాట పుట్టినప్పుడు పుష్పలత పలకా బలపం పట్టుకుని తిరిగే పిల్ల. గోదావరి ముంచి వెళ్లిన ఏడాది. జ్వరంతో చంటి తమ్ముడు పోయాడు. నీళ్లు తీసి చేలు బయటపడ్డ రోజుల్లో అమ్మ వంటింట్లో కొబ్బరి కోరుకుంటూ మొదట కూనిరాగం తీసింది, తరవాత దానికి మాటలు పెట్టింది. నులకమంచం మీద కూర్చుని నాన్న, "ఏవే, రెండో చరణం ఏవన్నావు?" అని కేకేసేవాడు. అమ్మ చెప్పేది. ఆయన రాసుకునేవాడు. ఆయన మిషను బడిలో మాస్టారు, గుడిలో ఉపదేశి. చదువుకున్నాక మళ్లీ చేలో కాలు పెట్టినవాడు కాదు. పెళ్లయ్యేదాకా ఊడ్పులకు వెళ్లింది అమ్మ. పైగా ఆయనకి శ్రుతి నిలిచేది కాదు. గుడిలో అమ్మ ఎత్తుకుంటే ఆయన అర్ధ చరణం వెనకాల వచ్చేవాడు, ఆడవాళ్లు పమిటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లు. అయినా కాగితం మీద ఉన్నది ఆయన దస్తూరి. ఆ కాగితాలే అమలాపురంలో పాటలు సేకరించే దొరసానిగారి దగ్గరకు వెళ్లాయి. అలా పాటలన్నీ లాజరు మాస్టారివైపోయాయి.

దినాలు ముగిశాక అన్నయ్య ప్రభాకరరావు కాకినాడ తిరిగి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"పుష్పా, నాన్న కీర్తనలన్నీ పుస్తకం వేయిద్దామనుకుంటున్నాను. ముందుమాట నువ్వు రాసిపెట్టు. నీ తెలుగు బాగుంటుంది. కింద నా పేరు వేసుకుంటాను. నలుగురిలో తిరిగేవాణ్ని కదా!"

"అవి అమ్మ పాటలు అన్నయ్యా."

"నీకేమన్నా మతిపోయిందా? అమ్మకి సంతకమే సరిగా వచ్చేది కాదు."

రాజోలు హైస్కూల్లో తెలుగు చెప్పే పుష్పలతకు, సంతకం రానివాళ్లు కట్టిన పాటల్ని పిల్లలకు పాఠంగా చెప్పడం కొత్త కాదు. అయినా అన్నయ్యకి ఆ మాట చాలదు. రుజువు కావాలి. దొరసానిగారు అమ్మ చేత పాడించి టేపు పట్టించారనీ, స్వరాలు రాయించారనీ చిన్నప్పుడు విన్నది. ఆవిడ తన దేశం వెళ్లిపోతూ అవన్నీ అమలాపురంలోని మిషను లైబ్రరీకి ఇచ్చేశారట.

"శనివారం లైబ్రరీకి వెళ్తానండి," అంది భర్త దానంతో.

ఆయన పేపరు లోంచి తల ఎత్తలేదు. "వండి వెళ్తావా, వచ్చి వండుతావా?" పేజీ తిప్పి, "పోయినావిడకి పేరెందుకే? పైన దేవుడు రాసుకుంటాళ్లే," అన్నాడు. సంఘం మీటింగు ఆహ్వానపత్రికలో తన పేరు ముందున్న 'శ్రీ' ఎగిరిపోయిందని నెల్లాళ్లు సెక్రటరీతో మాటలు మానేసిన మనిషి ఆయన. పుష్పలత తెల్లారగట్ల లేచి అన్నం, పులుసు వండి, బట్టలు ఉతికి ఆరేసి, బస్సెక్కింది.

లైబ్రేరియను మాణిక్యాలరావుగారు మంచి మర్యాదస్తుడు. కుర్చీ తుడిచి వేశాడు. గోడవారన చెక్క సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక్కో అక్షరం కార్డులు. పుష్పలత ముందు 'ద' సొరుగు లాగింది. దీనమ్మ అన్న పేరే లేదు. 'కీర్తనలు' తీసింది. ఊరి పేరుతో చూసింది. పాట మొదటి మాటతో చూసింది. దొరికింది. 'ముంపు తీసిన చేలలోన. స్వరలిపి. రచన, సంగీతం: లాజరు, ఉపదేశి.' శ్రుతి నిలవని మనిషికి సంగీతం కూడా ఇచ్చేశారు. ఇక మిగిలింది ధ్వనిముద్రణల సొరుగు. అదే పాట. 'రచన, సంగీతం: లాజరు. హార్మోనియం: శ్రీ కనకరాజు. గానం: స్త్రీ కంఠం.'

హార్మోనియం తిత్తి ఊదినాయనకి పేరుంది. పేరు ముందు శ్రీ కూడా ఉంది. పాడిన మనిషికి గొంతు ఉంది, అంతే. అన్నం పెట్టిన చెయ్యి, నీళ్లు తోడిన చెయ్యి, పాట పాడిన గొంతు. ఒంటి నిండా పనికొచ్చే అవయవాలే, మనిషి మాత్రం ఎక్కడా లేదు. పుష్పలత కార్డు బయటికి తీసి మాణిక్యాలరావుగారి ముందు పెట్టింది.

"ఇది వినచ్చాండి?"

"ఆయ్, వినండి, దానికేవుంది! ఎవరూ అడగరండి, అదే బాధ," అంటూ మాణిక్యాలరావుగారు టేపు చుట్ట ఎక్కించాడు.

ముందు బరబరమన్న చప్పుడు. దొరసానిగారి తెలుగు: "ఈ కీర్తన ఎవరు కట్టినారు?"

జవాబు రాలేదు. ఎవరో మగమనిషి దగ్గాడు.

"మా మాస్టారుగారేనండి," అంది అమ్మ.

ఎందుకన్నావమ్మా? చచ్చి సమాధిలో ఉన్న మనిషి మీద ఒళ్లు మండిపోయింది. ఇంతలో పాట మొదలైంది. రెండో చరణంలో అమ్మ టక్కున ఆగిపోయింది. "ఉండండమ్మగారూ, మళ్లీ అందుకుంటాను. ఈ మాట నిన్న మార్చేను."

మాణిక్యాలరావుగారు తల ఎత్తాడు. పుష్పలత అతని వంక చూసింది.

"వేరేవాళ్లు కట్టిన పాటలో మాట మార్చుకుంటారాండి ఎవరన్నా?"

"ఆయ్, నిజమేనండి. కానీ మేస్టారుగారిదని ఆవిడే చెప్పేసేరు కదండీ. మరి కార్డెలా మారుస్తామండి?"

"మొదటినించీ ఇంకొక్కసారి వెయ్యండి."

ఈసారి ఆమె దగ్గు కోసం విన్నది. ఆ దగ్గు తనకు తెలుసు, నాన్నది. వీధిలో ఎవరైనా వచ్చి అమ్మను పలకరిస్తే, అమ్మ రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే, లోపలినుంచి వచ్చేది. దానికి తిట్టక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు. అమ్మ మాట మధ్యలో తుంచుకుని లోపలికి వచ్చేసేది. ఊళ్లో అందరూ లాజరు మాస్టార్ని, భార్యని ఒక్క మాట అనని దేవుడనేవారు. అనాల్సిన అవసరం ఏముంది? ఇప్పుడు తన ఇంట్లో పేపరు మడత పెట్టిన చప్పుడైతే తను మాట ఆపేస్తోంది.

పుష్పలత అదే సాయంత్రం పోస్టాఫీసు నుంచి కాకినాడకు ట్రంకు కాల్ చేసింది. విన్నదంతా చెప్పింది.

"చూసేవా, నాన్నదేనని అమ్మే చెప్పింది!" అన్నాడు ప్రభాకరరావు.

"నాన్న దగ్గేక చెప్పింది."

"దగ్గుక్కూడా అర్థాలు తీస్తావేంటే? పోయినాయన్ని దొంగని చేస్తావా?"

"పాట ఎవరిదో చెప్తున్నాను. ముందుమాట నేనే రాస్తాను అన్నయ్యా, కింద నా పేరే ఉంటుంది. ఈ పాటలు మా అమ్మ దీనమ్మ కట్టినవి అని మొదలుపెడతాను."

"అలాగైతే పుస్తకవే వద్దు."

"సరే," అంది పుష్పలత. ఫోను పెట్టేసింది.

ఇల్లు చేరేసరికి దానం పేపరు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. పొద్దుటి పులుసు చల్లారిపోయిందట. పేపరు మడిచాడు. ఆమె కాళ్లు కడుక్కుని, అమ్మ గొంతు విన్న సంగతి మొదలుపెట్టి, చివరిదాకా చెప్పింది.

తరవాత కార్డులో పేరు మార్చమని లైబ్రరీ కమిటీకి కాగితం పెట్టింది. స్వరలిపి చేత్తో ఎత్తి రాసుకుంది. కమిటీ జవాబివ్వలేదు. పుస్తకం ఆగిపోయింది. సొరుగులో కార్డు అలాగే ఉంది. దీనమ్మ పేరుతో ఇంతవరకు ఒక్క పాటా అచ్చు కాలేదు.