కొలంబస్‌లో మూడు ఆటలు

సత్యకుమారికి బస్సు పడదు. రాజోలు బస్సు నాలుగు మలుపులు తిరిగేలోపు ఆమె తల కిటికీ బయట ఉంటుందని కండక్టర్లకు కూడా తెలుసు. ఇది ఊళ్ళో ఎవరికీ పట్టని సంగతే, తండ్రి పడవలో తనూ చేపల వేటకు వస్తానని ఆమె అనేవరకు.

ఆమె తండ్రి లోకనాథ్ బోటు సముద్రంలోకి వెళ్ళాలంటే ముగ్గురుండాలి. మూడో మనిషి పెద్దిరాజు చేపల చెరువుల మీద కాపలాకి కుదిరిపోయాడు. వల లాగే చేతులు చాలక పదిహేను రోజులుగా బోటు ఒడ్డునే ఎండుతోంది. పందొమ్మిదేళ్ళ సత్యకుమారికి ఇంజను విప్పి బిగించడం వచ్చు, తెగిన వల అల్లడం వచ్చు, గోదావరిలో బోటు నడపడమూ వచ్చు. "నేనొస్తాను నాన్నా" అంది.

వాళ్ళ పేటలో ఆడవాళ్ళు చేపలమ్ముతారు, సముద్రం మీదికి మాత్రం వెళ్ళరు. ఆ మాట మొహాన అంటే ఆ పిల్ల ఊరుకోదు. అందుకని లోకనాథ్ తమ్ముడు, బోటులో రెండో మనిషి అయిన బుల్లియ్య డొంకదారి పట్టాడు.

"బస్సులోనే కక్కేసే పిల్ల సముద్రంలో ఏం నిలబడతాదన్నయ్యా? గోదారి వేరు, సముద్రం కెరటం వేరు."

లోకనాథ్ నోరు మెదపలేదు. నాన్న కాదని ఉంటే పోట్లాడేది. ఆ మౌనమే సత్యకుమారికి ఒళ్ళు మండించింది.

అంతర్వేది తీర్థంలో, రథం లాగిన మర్నాడు మధ్యాహ్నం, ఆ తగువు మళ్ళీ లేచింది. ఇసుకలో పెద్ద ఇనప పడవ ఊగుతోంది. ఒక కొస ఆకాశంలోకి లేస్తే రెండో కొస నేలకి దిగుతోంది. జనాన్ని ఎక్కించుకుని ఊగే ఆ ఆటని కొలంబస్ అంటారు.

"ఇదీ పడవేగా" అన్నాడు బుల్లియ్య. "వరసగా మూడాటలు ఎక్కి, కక్కకుండా దిగు. మూడో మనిషివి నువ్వే."

"సరే. నువ్వూ నా పక్కనే కూచో బాబాయ్."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. చుట్టూ పేటవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా వేట చేస్తున్న మనిషి జంకితే ఏం బాగుంటుంది? బుల్లియ్య మీసం దువ్వుకుని ఎక్కాడు.

సత్యకుమారి కావాలనే చిట్టచివరి వరస పట్టింది. ఎక్కువగా ఎగిరేది అదే. బస్సులో ముందు సీటు వీపు తప్ప ఏమీ కనబడదు. ఇక్కడ దూరంగా లైట్‌హౌస్ కనబడుతోంది. బోటు నడిపేవాడు ఒడ్డు మీద గుర్తు పట్టుకున్నట్టు, దాని మీద నుంచి చూపు తిప్పలేదు. కడుపు రెండుసార్లు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. మొదటి ఆట గడిచింది.

రెండో ఆటకి మిషనువాడు జోరు పెంచాడు. బోటులో బుల్లియ్య చేతికి ఎప్పుడూ ఏదో పని ఉండేది, కాళ్ళు కెరటంతో పాటు కదిలేవి. ఇక్కడ కదలకుండా కూచోవాలి. భయమేసి కళ్ళు మూసుకున్నాడు. అంతే, పొద్దున తిన్న గారెలన్నీ బయటికొచ్చాయి. ఆ వాసనకి సత్యకుమారి కూడా కక్కేసింది.

కింద జనం ఒకటే నవ్వు. బుల్లియ్య తూలుతూ దిగి ఇసుకలో చతికిలబడ్డాడు. తన మూతి ఇంకా తుడుచుకోనే లేదు.

"చూసేవా అన్నయ్యా! కక్కేసింది!"

సత్యకుమారికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏడుపు కూడా వచ్చింది. సీసాలో నీళ్ళతో నోరు పుక్కిలించి, మళ్ళీ కొలంబస్ మెట్ల వైపు నడిచింది.

"పందెం పోయింది కదే, ఇంకెక్కడికి?" అన్నాడు బుల్లియ్య.

"మూడో ఆట ఉంది."

ఒక్కతే ఎక్కింది. అదే చివరి వరస. సగం ఆటలో మళ్ళీ కక్కింది, చున్నీలోకి. కమ్మీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు, చూపు దించలేదు. ఆట ఆగాక తిన్నగా నడుచుకుంటూ వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"కక్కుతాను నాన్నా. రేపు సముద్రంలోనూ కక్కుతాను. కక్కుతూనే వల లాగుతాను. కక్కినోళ్ళు బోటెక్కకూడదంటే ముందు బాబాయిని దింపు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లోకనాథ్ భుజం మీది తువ్వాలు తీసి కూతురి చేతికిచ్చాడు.

"నేను కొత్తల్లో నెల్లాళ్ళు కక్కేను. మా నాన్న నన్ను ఒడ్డునొదిలేసి ఎల్లలేదు" అన్నాడు. "పొద్దున్నే నాలుగింటికల్లా ఇంజను కాడుండు. గంజి తప్ప ఏం తినకు."

తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"నీకు బాగోకపోతే ఇప్పుడే చెప్పు బుల్లియ్యా. నేనూ అమ్మాయీ ఇంకో మనిషిని చూసుకుంటాం."