పచ్చచుక్క మీద తనిఖీ

ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాడు దేన్నీ అంత తేలిగ్గా నమ్మడు. కాటా కింద అయస్కాంతం అంటించిన ఘనుల్నీ, తూకపు రాళ్ల అడుగున సీసం గీకేసిన మహానుభావుల్నీ పట్టుకున్నాడాయన. అందుకే రిటైరయ్యాక కూడా అందరికీ కాటా సారే.

ఆర్నెల్లలో రెండుసార్లు జారిపడేసరికి కూతురు పోరు పెట్టి ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్లింది. అక్కడ నేలమీద ఒక నల్ల పలక, ఎదురుగా తెర. పలకెక్కి నిలబడితే ఒంటి బరువు ఎటు వాలితే తెరమీది పచ్చచుక్క అటు జరుగుతుంది. దాన్ని మధ్యలో గీసిన వలయం దాటనివ్వకూడదు.

"సారూ, కుడికాలి మీదే మోపుతున్నారు. చుక్క బయటికి పోయింది చూడండి," అంది థెరపిస్టు.

"నేను తిన్నగానే ఉన్నానమ్మాయ్. తాగింది నీ చుక్కేమో!"

వారం రోజులు అదే తంతు. చుక్క కుడివైపుకే. పైగా ఆవేళ గుమ్మం దగ్గర థెరపిస్టూ కూతురూ గుసగుసలాడుకోవడం చూశాడు. "నాన్న ఒప్పుకోవాలి కదా..." అన్న ముక్క చెవిన పడింది. ఇంకేముంది, తన స్కూటరు తాళం లాక్కోడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారు. యంత్రం చేత అబద్ధం చెప్పిస్తున్నారు.

మర్నాడు కూతురి చేతికో సంచి ఇచ్చాడు.

"ఏం పెట్టావు నాన్నా, చెయ్యి ఊడిపోతోంది!"

"మాట్లాడకుండా మొయ్యి."

అందులోంచి రెండు అయిదుకిలోల ఇనప రాళ్లు తీయించి, పలక మీద అటొకటి ఇటొకటి, అంచు నుంచి జానెడేసి దూరంలో పెట్టించాడు. చుక్క నడిమధ్యన ఉండాలి. లేదు. కుడివైపు వేలెడు జరిగి నిలబడింది.

"చూశావా! నా దగ్గరా మీ ఆటలు?"

థెరపిస్టు గబుక్కున వంగి పలక ఎత్తి చూసింది. అడుగున కుడివైపు మూల రబ్బరు బిళ్ల ఊడిపోయి ఉంది. కొత్తది బిగించి, యంత్రాన్ని సున్నాకి తెచ్చింది. చుక్క మధ్యకొచ్చింది. ఆయన రాళ్లు అటుది ఇటు, ఇటుది అటు మార్పించి మరీ చూశాడు. కదల్లేదు.

"ఇప్పుడు నిఖార్సు. రాళ్లు తియ్యి, నేనెక్కుతాను."

ఎక్కాడు. చుక్క మెల్లగా కుడివైపు జారి, వలయం దాటింది. మునుపటంత దూరం పోలేదు గానీ, దాటడం దాటింది.

ఎవరూ నవ్వలేదు. ఆయన ఎడమకాలి వంక చూసుకున్నాడు. జారిపడ్డ రెండుసార్లూ దగా చేసింది ఆ కాలే. అప్పట్నించీ దానిమీద బరువు వెయ్యాలంటే గుండె జంకుతోంది. ఆ సంగతి ఇన్నాళ్లూ తనకే తెలియదు.

"నిన్న గుమ్మం దగ్గర ఏమిటా గుసగుసలు?" అన్నాడు, తల తిప్పకుండానే.

"స్నానాలగదిలో పట్టుకోడానికి కమ్మీ బిగిద్దామంటే నువ్వు ఒప్పుకోవని..." నసిగింది కూతురు.

"స్కూటరు సంగతి కాదూ?"

"అదీ అడుగుదామనుకున్నా. భయమేసింది."

ఆయన ఎడమకాలి మీద కాస్త బరువు మోపాడు. మోకాలు వణికింది. చుక్క వెంట్రుకవాసి వెనక్కొచ్చింది.

రెండు నెలలు పట్టింది. ఒకరోజు చుక్క వలయంలోనే నలభై సెకన్లు నిలిచింది. కూతురు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది.

"ఆపవే! చుక్క కదులుతోంది," అని కసిరాడాయన.